సర్కారు దవాఖానకి పోతున్నారా: హైదరాబాద్‌లో ఓపీ చీటీ నుంచి డిశ్చార్జ్ దాకా

మా నాన్నకి చెప్పు కరిచింది. అంతే, అక్కడ్నుంచి మొదలైంది. మామూలు మనిషికైతే నాలుగు రోజుల్లో మానిపోయే పుండు, నాన్నకి పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది కాబట్టి రెండు వారాలైనా మానకపోగా వేళ్ళ మధ్య నల్లబడటం మొదలైంది, వాసన వచ్చేదాకా ఆయన మాకు చెప్పనే లేదు. ఇంటి దగ్గర క్లినిక్ డాక్టర్ గారు చూసి ఆలస్యం చెయ్యకుండా పెద్ద దవాఖానకి తీసుకెళ్ళమన్నారు, ఒక కార్పొరేట్ హాస్పిటల్‌లో కనుక్కుంటే అడ్మిషన్‌కే లక్షన్నర కట్టమన్నారు, మా చేతిలో ఉన్నది పాతిక వేలు. అట్లా సర్కారు దవాఖాన గేటు లోపలికి అడుగుపెట్టాం. నాలుగు నెలలు తిరిగాం. ఒక వేలు పోయింది, కాలు దక్కింది.

ఆ నాలుగు నెలల్లో నాకు అర్థమైంది ఏంటంటే, లోపల డాక్టర్లున్నారు, మందులున్నాయి, మిషన్లున్నాయి, వాటి దాకా పోయే దారి మాత్రం ఏ బోర్డు మీదా సరిగ్గా రాసుండదు. దారి తెలిసినోళ్ళకి ఒక పొద్దులో అయ్యే పని తెలియనోళ్ళకి మూడు రోజులు పడుతుంది. నేను మూడు రోజుల బ్యాచ్. అందుకే వరసగా రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, మీకు కావాల్సిన చోటికి దిగి చదువుకోండి.

1. ముందు ఎక్కడికి పోవాలో తేల్చుకోండి

జ్వరం, దగ్గు, బీపీ షుగర్ మాత్రలు, మామూలు రక్త పరీక్ష, వీటికి గాంధీకో ఉస్మానియాకో పోయి లైన్లో నిలబడితే ఆ పొద్దంతా పోయినట్టే. మీ గల్లీకి దగ్గర్లో బస్తీ దవాఖాన ఉంటుంది, 2018లో మొదలుపెట్టారు, ఇప్పుడు సిటీలో దాదాపు ప్రతి బస్తీలో ఒకటి కనిపిస్తుంది. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక హెల్పర్, చిన్న గది, అంతే. కానీ అక్కడే మందులిస్తారు, అక్కడే రక్తం తీసుకుని నారాయణగూడలో ఉన్న తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ల్యాబ్‌కి పంపిస్తారు, రిపోర్ట్ మామూలుగా మర్నాటికి ఫోన్‌కే వచ్చేస్తుంది. ఈ ఉచిత టెస్టులు 57 రకాలతో మొదలై 2023లో 134కి పెరిగాయి. బయట ల్యాబ్‌లో థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ టెస్టులు అన్నీ కలిపి చేయిస్తే ఎంతవుతుందో మీకు తెలుసు. అయినా మా కాలనీలో సగం మందికి ఆ పక్క సందులో దవాఖాన ఉందనే తెలియదు, నాకూ తెలియదు, నాన్న కాలు విషయంలో చివర్లో తెలిసింది, ఆ కథ కిందొస్తుంది.

బస్తీ దవాఖానకి పైన అర్బన్ ప్రైమరీ హెల్త్ సెంటర్, దానికి పైన ఏరియా హాస్పిటళ్ళు, మలక్‌పేట, గోల్కొండ, వనస్థలిపురం, కొండాపూర్ లాంటివి. ఆపరేషన్ అవసరం లేని చాలా వాటికి ఇవి చాలు, జనం కూడా తక్కువ.

ప్రత్యేకమైన జబ్బయితే నేరుగా దాని దవాఖానకే పోండి. పిల్లలకి నీలోఫర్, క్యాన్సర్‌కి ఎంఎన్‌జే, రెండూ రెడ్‌హిల్స్‌లోనే, లక్డీకాపూల్ మెట్రో దగ్గర. కళ్ళకి మెహదీపట్నం సరోజినీదేవి, చెవి ముక్కు గొంతుకి కోఠి ఈఎన్‌టీ, కాన్పులకి పేట్లబుర్జ్, సుల్తాన్‌బజార్. ఊపిరితిత్తులకి ఎర్రగడ్డ ఛాతీ దవాఖాన. ఎర్రగడ్డ అనగానే జనం నవ్వుతారు, అక్కడ మానసిక వైద్యశాల కూడా ఉంది కాబట్టి, నిద్ర పట్టకపోయినా మనసు బాగోలేకపోయినా అక్కడికి పోవడంలో సిగ్గేం లేదు, మామూలు ఓపీ లాగే చూస్తారు. అంటువ్యాధులకి నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, దాని అసలు పేరు రోనాల్డ్ రాస్ పేరు మీద ఉంది, మలేరియాకి కారణం దోమేనని 1897లో సికింద్రాబాద్‌లోనే తేల్చింది ఆయనే.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. మీరు ప్రైవేట్‌లో పనిచేస్తూ నెల జీతం 21,000 లోపు ఉండి జీతంలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కట్ అవుతుంటే సనత్‌నగర్ ఈఎస్‌ఐ హాస్పిటల్ మీదే, మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకి కూడా. పేస్లిప్ ఒకసారి తీసి చూసుకోండి.

నిమ్స్ గురించి ఒక మాట. పంజాగుట్ట నిమ్స్ సర్కారుదే కానీ గాంధీ, ఉస్మానియా లాగా అంతా ఫ్రీ అనుకుని పోవద్దు, అక్కడ ఓపీకీ టెస్టులకీ డబ్బులు కట్టాలి. ప్రైవేట్ కంటే తక్కువే. ఆరోగ్యశ్రీ ఉంటే ఆ లెక్క వేరు.

మెట్రోలో వచ్చేవాళ్ళకి: ఉస్మానియా మెడికల్ కాలేజ్ అనే స్టేషన్ ఉంది కదా, అది కోఠిలో ఉన్న కాలేజీ. ఉస్మానియా దవాఖాన అఫ్జల్‌గంజ్‌లో ఉంది, దానికి ఎంజీబీఎస్‌లో దిగాలి. మేం మొదటి రోజు కుంటుతున్న మనిషిని పట్టుకుని కోఠిలో దిగాం, మళ్ళీ ఆటో. గాంధీకి మాత్రం గాంధీ హాస్పిటల్ అనే పేరుతోనే స్టేషన్ ఉంది, గేటు ఎదురుగా దింపుతుంది. ఉస్మానియాలో మూసీ ఒడ్డున ఉన్న ఆ పాత గుమ్మటాల బిల్డింగ్ 2020 జులై వానలకి నీళ్ళొచ్చినప్పటి నుంచి మూసేసే ఉంది, వార్డులన్నీ పక్క బ్లాకుల్లో సర్దారు, కాబట్టి లోపలికి రాగానే ఏ బ్లాకో అడగండి. గోషామహల్‌లో కొత్త దానికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు.

2. సంచి సర్దుకోవడం

ఆధార్, రేషన్ కార్డ్ ఒరిజినల్స్ ఒకటి, జిరాక్సులు నాలుగేసి సెట్లు. దవాఖాన బయట జిరాక్స్ షాపులో లైన్ లోపల లైన్ కంటే పెద్దదుంటుంది. పాత రిపోర్టులన్నీ తేదీ వరసలో ఒకే ఫైల్లో పెట్టండి, కొత్తది పైన. వాడుతున్న మాత్రలు పేర్లు రాసుకోవడం కాదు, స్ట్రిప్పులే తీసుకెళ్ళండి, "ఆ తెల్ల గోళీ, పొద్దున వేసుకునేది" అంటే ఏ డాక్టర్ ఏం చెయ్యగలడు.

నీళ్ళ బాటిల్, బిస్కెట్లు (షుగర్ వాళ్ళకి తప్పకుండా, లైన్లో లో-షుగర్ అయి పడిపోయిన పెద్దాయన్ని చూశా), ఫోన్ ఛార్జర్, పెన్ను. పెన్ను ఎందుకంటే ప్రతి ఫారం దగ్గరా "పెన్నుందా అన్నా" అనేవాళ్ళే అంతా. మనిషి నడవలేకపోతే ఇద్దరు వెళ్ళండి, ఒకరు లైన్లో, ఒకరు పేషెంట్ దగ్గర. ఒక్కరే వెళ్తే రెండు పనులూ చెడతాయి.

3. ఓపీ చీటీ

పెద్ద దవాఖానల్లో ఓపీ పొద్దున పూటే. మధ్యాహ్నం అయ్యేసరికి కొత్త చీటీలు ఆపేస్తారు, మీరు పదకొండున్నరకి చీటీ చేతిలో పట్టుకుని డాక్టర్ గది ముందుకొస్తే అక్కడ ఇంకా అరవై మంది ఉంటారు. ఎనిమిది లోపు గేటు దగ్గర ఉండేట్టు చూసుకోండి, అంతకన్నా ముందొచ్చి పెద్దగా లాభం లేదు. అయినా వస్తారు. మేం పోయిన పొద్దున కౌంటర్ ముందు మనుషుల కంటే చెప్పులు ఎక్కువున్నాయి, ఒక జత చెప్పులు, పక్కన నీళ్ళ బాటిల్, పక్కన రాయి కింద పెట్టిన కవర్, వాటి మనుషులందరూ గోడ నీడన కూర్చుని చాయ్ తాగుతున్నారు. షట్టర్ లేచిందో లేదో ఆ చెప్పులన్నీ ఒక్కసారి మనుషులైపోయాయి.

ఈ లైన్ తప్పించుకోవాలంటే ఆభా కార్డ్, అంటే కేంద్ర సర్కారు ఇచ్చే హెల్త్ ఐడీ, చేసుకోండి. ఆధార్‌తో ఫోన్లో ఐదు నిమిషాల పని, 14 అంకెల నంబర్ వస్తుంది. కౌంటర్ దగ్గర గోడకి క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది, ఆభా యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే మీ వివరాలు వాళ్ళ కంప్యూటర్‌కి పోయి మీకు టోకెన్ నంబర్ వస్తుంది, ఆ టోకెన్ చూపిస్తే పేరు, వయసు, ఊరు మళ్ళీ చెప్పే పని లేకుండా చీటీ ప్రింట్ ఇస్తారు. చేసుకునేది పేషెంట్ పేరు మీద, మీ పేరు మీద కాదు. ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళండి, అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఓటీపీ రాదు.

కౌంటర్లో "ఏ డిపార్ట్‌మెంట్" అని అడుగుతారు, అక్కడే చాలామంది తడబడతారు. తెలియకపోతే జబ్బు పేరు చెప్పకండి, బాధ చెప్పండి. "కాలికి పుండు, షుగర్ ఉంది" అంటే వాళ్ళే సర్జరీ అని రాస్తారు. నేను అతి తెలివికి పోయి "షుగర్ డాక్టర్" అన్నా, జనరల్ మెడిసిన్‌కి రాసిచ్చారు, అక్కడ గంటన్నర కూర్చున్నాక డాక్టరమ్మ కట్టు కూడా విప్పకుండా సర్జరీకి పొమ్మంది. తప్పు ఆమెది కాదు.

4. యూనిట్ రోజు, అసలు కీలకం ఇదే

ఈ ఒక్కటీ ఎవరూ చెప్పరు, అందుకే ఎక్కువ రాస్తున్నా.

టీచింగ్ హాస్పిటల్‌లో ఒక డిపార్ట్‌మెంట్ అంటే ఒక డాక్టర్ కాదు, కొన్ని యూనిట్లు. ఒక్కో యూనిట్‌కి ఒక ప్రొఫెసర్, ఆయన కింద అసిస్టెంట్లు, పై చదువు చదువుతున్న పీజీ డాక్టర్లు, ఎంబీబీఎస్ చివర్లో ఉన్న హౌస్ సర్జన్లు. ఒక్కో యూనిట్‌కి వారంలో కొన్ని రోజులే ఓపీ, మిగతా రోజుల్లో వాళ్ళు ఆపరేషన్ థియేటర్లోనో వార్డులోనో ఉంటారు. మీరు మొదటిసారి మంగళవారం పోతే ఆ రోజు ఏ యూనిట్ ఓపీ ఉందో మీరు ఆ యూనిట్ పేషెంట్ అయిపోతారు, ఇక చివరిదాకా వాళ్ళే మీ డాక్టర్లు. చీటీ మీద ఓ మూలన యూనిట్ నంబర్ వేస్తారు, రోమన్ అంకెల్లోనో మామూలు అంకెల్లోనో, పైన డిపార్ట్‌మెంట్ మొదటి అక్షరంతో.

డాక్టర్ "వారం తర్వాత రండి" అన్నాడు, మేం లెక్కపెట్టుకుని వారం తర్వాత బుధవారం పోయాం, ఎందుకంటే మంగళవారం నాకు సెలవు దొరకలేదు. ఒక్క రోజే కదా అనుకున్నా. కొత్త చీటీ తీసుకుని రెండు గంటలు నిలబడి లోపలికి పోతే ఆ యూనిట్ వాళ్ళు పాత చీటీ చూసి "మీది మా యూనిట్ కాదు, మంగళవారం గానీ శుక్రవారం గానీ రండి" అన్నారు. నాన్న ఏమీ అనలేదు, కట్టు వైపు చూసుకున్నాడు. నేను గట్టిగా మాట్లాడబోతే బయట ఊడుస్తున్న ఆయమ్మ ఆపింది, "లొల్లి పెట్టకు బిడ్డా, గాళ్ళు ముట్టరు, నీ యూనిట్ సార్లు పైన వార్డుల ఉంటరు, చీటీ పట్టుకొని వో" అంది. పైకి పోయాం, మా యూనిట్ పీజీ డాక్టర్ దొరికాడు, వార్డులోనే కట్టు మార్పించి పంపించాడు.

కాబట్టి మొదటి రోజు బయటికొచ్చేటప్పుడు మూడు అడిగి చీటీ వెనక రాసుకోండి: మా యూనిట్ ఏది, ఆ యూనిట్ ఓపీ రోజులేవి, మధ్యలో ఏదైనా అయితే వార్డ్ నంబర్ ఎంత. వీలైతే మొదటిసారే వారంలో మీకు సెలవు దొరికే రోజు చూసుకుని పోండి, ఆ తర్వాత నెలల తరబడి అదే రోజు మీది.

5. డాక్టర్ ముందు రెండు నిమిషాలు

నిజంగా రెండు నిమిషాలే ఉంటాయి, టేబుల్ చుట్టూ పదిమంది ఉంటారు. కథ మొదట్నుంచి చెప్పొద్దు. ఏ బాధ, ఎన్ని రోజుల నుంచి, బీపీ షుగర్ ఎన్నేళ్ళు, ఇంతకు ముందు ఆపరేషన్లు, ఏ మందు పడదు, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి ఫైల్ పైన పిన్ చేయండి. నేను రెండోసారి అట్లా చేస్తే డాక్టర్ ఆ కాగితం చూసే కేస్ రాసుకున్నాడు, మిగిలిన టైమ్‌లో కాలు చూశాడు.

అర్థం కాకపోతే అడగండి. మొహమాటం వద్దు. పీజీలు, హౌస్ సర్జన్లు కుర్రవాళ్ళు, రాత్రి డ్యూటీ చేసి అట్లాగే ఓపీలో కూర్చున్నవాళ్ళు ఉంటారు, చిరాకు పడొచ్చు, కానీ "డాక్టర్ గారూ, ఇంట్లో చెప్పాలి, ఒక్కసారి మళ్ళీ చెప్పండి" అంటే చెప్పనివాణ్ణి నేను చూడలేదు.

6. టెస్టులు, స్కాన్లు

రక్త పరీక్షలు లోపలే. శాంపిల్ ఇచ్చే గది, రిపోర్ట్ ఇచ్చే గది వేర్వేరు చోట్ల ఉంటాయి, శాంపిల్ ఇచ్చినప్పుడే రిపోర్ట్ ఎక్కడో ఎప్పుడో అడగండి. ఫాస్టింగ్ టెస్ట్ ఉంటే ముందు శాంపిల్ ఇచ్చేసి తర్వాత తినండి. ఎక్స్‌రే అదే రోజు అవుతుంది. సీటీ, ఎంఆర్ఐ లాంటి వాటికి డేట్ ఇస్తారు, ఆ డేట్ దూరంగా ఉంటే "వెయిట్ చేస్తే ప్రమాదమా" అని మీ యూనిట్ డాక్టర్నే అడగండి, అర్జెంట్ అయితే ఆయన ఫారం మీద రాసి సంతకం పెడతాడు, ఆ సంతకంతో డేట్ ముందుకు జరుగుతుంది. రేడియాలజీ కౌంటర్లో బతిమాలుకుంటే జరగదు.

"ఈ టెస్ట్ బయట చేయించుకురండి" అని ఎవరైనా చిన్న స్లిప్ మీద ల్యాబ్ పేరుతో సహా రాసిస్తే ఆగండి. అదే టెస్ట్ లోపల ఉందేమో ముందు కనుక్కోండి. గేటు దగ్గర తిరిగే మధ్యవర్తులు "నేను స్కాన్ ఇప్పుడే చేయిస్తా అన్నా" అని వెంటపడతారు, వాళ్ళు దవాఖాన స్టాఫ్ కాదు, మెడలో ట్యాగ్ ఉందని నమ్మకండి.

7. మందులు

ఫార్మసీలో చీటీ చూపిస్తే ఉన్నవి ఇస్తారు, లేనివాటి పేర్ల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి చీటీ తిప్పి ఇచ్చేస్తారు. అప్పుడు వెంటనే బయట మెడికల్ షాప్‌కి పరుగెత్తకుండా, డాక్టర్ని అదే పని చేసే వేరే మందు లోపల ఉంటే రాయమని అడగండి. కొనక తప్పకపోతే తక్కువ ధరకి మందులమ్మే జన్ ఔషధి షాప్‌లో అడగండి, అక్కడ కంపెనీ పేరు చెప్తే పని కాదు, మందు అసలు పేరు చెప్పాలి. బీపీ, షుగర్ మాత్రలకి నెలనెలా పెద్ద దవాఖానకి పోనక్కర్లేదు, బస్తీ దవాఖానలోనో హెల్త్ సెంటర్‌లోనో పేరు రాయించుకుంటే అక్కడే ఇస్తారు.

టీబీ అని తేలితే మందులన్నీ ఫ్రీ, పైగా తిండికని నిక్షయ్ పథకం కింద నెలకి 1,000 రూపాయలు బ్యాంక్ ఖాతాలో వేస్తారు, 2024 నవంబర్ దాకా అది 500 ఉండేది. ఖాతా నంబర్ ఇవ్వడం మర్చిపోతే రాదు.

8. అడ్మిట్ అయితే

మంచం దొరకడం అదృష్టం, కొన్నిసార్లు మొదటి రాత్రి ఇద్దరికి ఒక మంచమో నేల మీద పరుపో. చెప్పకపోతే అబద్ధమవుతుంది. మేం రెండు రాత్రులు అట్లాగే ఉన్నాం. దుప్పటి, దిండు గలీబు, ప్లేటు, గ్లాసు, బకెట్, మగ్గు, దోమల కాయిల్ కాకుండా ఒళ్ళుకి రాసుకునేది (వార్డులో కాయిల్ వెలిగించనివ్వరు), చిన్న ఫినాయిల్ సీసా, ఇవి ఇంటి నుంచి తెచ్చుకోండి. బాత్రూముల గురించి నేనేం రాయను, ఫినాయిల్ అన్నాను కదా.

పేషెంట్‌కి పాలు, బ్రెడ్డు, గుడ్డు, అన్నం దవాఖానే పెడుతుంది. అటెండెంట్‌కి లోపలో గేటు దగ్గరో ఐదు రూపాయల భోజనం కౌంటర్ ఉంటుంది, అన్నం కూర సాంబారు, త్వరగా అయిపోతుంది. అటెండెంట్ పాస్ ఒక్కటే ఇస్తారు, అది పోగొట్టుకోకండి, సాయంత్రం సెక్యూరిటీ వాళ్ళు దాని మీదే లోపలికి పంపిస్తారు.

కేస్ షీట్ నర్సింగ్ స్టేషన్లో ఉంటుంది. రౌండ్స్ పొద్దున్నే, ప్రొఫెసర్ వెనకాల అందరూ వస్తారు, ఆ పది నిమిషాలు మాత్రం మంచం వదిలి టిఫిన్‌కి పోకండి, ఏం నిర్ణయించినా అప్పుడే. ఆపరేషన్ ఉంటే రక్తం కావాలంటారు, దవాఖాన బ్లడ్ బ్యాంకే ఇస్తుంది కానీ బదులుగా డోనర్లని తెమ్మంటారు, ఎవరెవరు ఇవ్వగలరో ముందే ఫోన్లు చేసి పెట్టుకోండి. సంతకం పెట్టే కాగితం చదివే పెట్టండి. నాన్న వేలు తీసేయాలన్నప్పుడు నేను చదవకుండానే పెట్టబోయాను, పీజీ డాక్టరే ఆపి "వేలు ఒకటే అని రాశాం, లోపల చూశాక ఇంకా పైకి పాకి ఉంటే ఏం చేయాలో కింద లైన్లో ఉంది, అది చదవండి" అన్నాడు. చదివాక చేతులు వణికాయి కానీ చదవడమే మంచిదైంది.

9. పైసలడిగితే

స్ట్రెచర్ తోయడానికి, డ్రెస్సింగ్‌కి, కాన్పయితే "బాబా పాపా" చెప్పడానికి, చాయ్ పైసలంటూ అడిగేవాళ్ళు ఉన్నారు. మమ్మల్ని థియేటర్ నుంచి వార్డుకి తెచ్చినప్పుడు 300 అడిగారు, నేను 100 ఇచ్చా, ఇవ్వకూడదని తెలిసే ఇచ్చా, లోపల నాన్న మత్తులో ఉన్నాడు, ఆ టైమ్‌లో ఎవరితో వాదిస్తాం. తర్వాత తెలుసుకున్నదేంటంటే ఆ పని చేసే వాళ్ళలో చాలామంది ఏజెన్సీ కింద కాంట్రాక్ట్ వాళ్ళు, జీతాలు తక్కువ. అయినా అడగడం తప్పే.

ఇవ్వకూడదనుకుంటే గొడవ పడకుండా "ఆర్‌ఎంఓ గారి ఆఫీస్ ఎక్కడ" అని మామూలు గొంతుతో అడగండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. ఆర్‌ఎంఓ అంటే దవాఖానలో రోజువారీ వ్యవహారం చూసే డాక్టర్, ఆయన పైన సూపరింటెండెంట్. కాగితం మీద తేదీ, టైమ్, వార్డ్ రాసి ఇచ్చి జిరాక్స్ మీద స్టాంప్ వేయించుకోండి. అక్కడ పని కాకపోతే 104 హెల్ప్‌లైన్‌కి ఫోన్, సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి, మంగళ శుక్రవారాల్లో బేగంపేట ప్రజాభవన్‌లో ప్రజావాణి.

10. ఆరోగ్యశ్రీ, అది లేకపోతే ఎల్‌ఓసీ

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలైంది, 2024లో ఇంకో 163 చికిత్సలు కలిపి మొత్తం 1,835 చేశారు. సర్కారులోనూ, లిస్ట్‌లో ఉన్న ప్రైవేట్ దవాఖానల్లోనూ నడుస్తుంది. మామూలు జ్వరం ఓపీకి పనిచెయ్యదు, ఆపరేషన్, డయాలసిస్, కీమో, స్టెంట్ లాంటి వాటికి.

పద్ధతి ఇది. దవాఖానలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు. రేషన్ కార్డ్, ఆధార్ చూపిస్తే రిజిస్టర్ చేస్తారు. డాక్టర్ రాసిన చికిత్స, టెస్ట్ రిపోర్టులు, పేషెంట్ ఫోటో ఆన్‌లైన్‌లో ట్రస్ట్‌కి పంపిస్తారు, దాన్నే ప్రీ-ఆథరైజేషన్ అంటారు, అప్రూవల్ వచ్చాక ఆపరేషన్. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీద అనుమతి తీసుకుని మొదలుపెట్టే పద్ధతి కూడా ఉంది. డిశ్చార్జ్ అయ్యాక పది రోజుల మందులు కూడా ప్యాకేజీలో భాగమే, అడిగి తీసుకోండి. ప్యాకేజీలో ఉన్న చికిత్సకి "కొంచెం డిపాజిట్ కట్టండి, తర్వాత ఇచ్చేస్తాం" అంటే ఒప్పుకోవద్దు, అక్కడే నిలబడి 104కి చేయండి.

మా మేనమామకి గుండెలో స్టెంట్ వేయాల్సి వచ్చినప్పుడు అంతా రెడీ, అప్రూవల్ ఆగింది. కారణం, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, రేషన్ కార్డ్‌లో ఇంటిపేరే లేదు, పైగా పుట్టిన సంవత్సరంలో ఆరేళ్ళు తేడా. మనిషి ఐసీయూలో ఉంటే మా బావ మీసేవ చుట్టూ తిరిగాడు. ఇంట్లో అందరూ బాగున్నప్పుడే రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూడండి, పేరు, వయసు, కోడలి పేరు చేర్చారా, పుట్టిన పిల్లల పేర్లు ఎక్కాయా.

రేషన్ కార్డ్ లేకపోయినా, ఆ చికిత్స లిస్ట్‌లో లేకపోయినా సీఎం రిలీఫ్ ఫండ్ ఉంది. ఇక్కడ రెండు దార్లు, కలిపేసుకోకండి. చికిత్సకి ముందైతే దవాఖాన నుంచి ఎస్టిమేట్ తీసుకుని మీ ఎమ్మెల్యే ఆఫీస్ ద్వారా ఎల్‌ఓసీకి, అంటే ఖర్చు సర్కారు ఇస్తుందని దవాఖానకి రాసిచ్చే హామీ లెటర్‌కి, పెట్టాలి, అది నిమ్స్ లాంటి సర్కారు చోట్లకి, డబ్బు నేరుగా దవాఖానకి పోతుంది. ఇప్పటికే ప్రైవేట్‌లో ఖర్చు పెట్టేసి ఉంటే ఒరిజినల్ బిల్లులతో అప్లై చేస్తే కొంత చెక్ రూపంలో వస్తుంది. ఒరిజినల్ బిల్లులు ఒక్కసారే పనికొస్తాయి, ఇచ్చేముందు ఫోటోలు తీసి పెట్టుకోండి.

11. ఎమర్జెన్సీ అయితే ఇవేవీ అక్కర్లేదు

క్యాజువాలిటీ 24 గంటలూ, చీటీ లైన్ లేదు, యూనిట్ రోజు లేదు. 108కి చేయండి, ఇది 2005లో హైదరాబాద్‌లోనే మొదలైంది, ల్యాండ్‌మార్క్ ముందు చెప్పండి, ఇంటి నంబర్ తర్వాత. మూతి ఒక పక్కకి పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. "పొద్దున్నుంచి" అంటే వాళ్ళు ఏం చెయ్యలేరు.

యాక్సిడెంట్ కేసుల్లో "ముందు పోలీసులు రావాలి" అంటే నమ్మకండి. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, అది ప్రైవేట్‌కి కూడా వర్తిస్తుంది. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేస్, అంటే పోలీసులకి తెలియజేయాల్సిన కేసు) అని రిజిస్టర్‌లో రాసుకోవడం దవాఖాన పని, ఆ నంబర్ మాత్రం మీరు రాసుకోండి, ఇన్సూరెన్స్‌కి కావాలి.

కుక్క కరిస్తే, మన గల్లీల్లో ఇది రోజూ ఉండేదే, పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకుండా నల్లా కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. చిన్న గాటు అని ఊరుకోవద్దు. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఇందుకు పేరున్నవి, దగ్గర్లోని హెల్త్ సెంటర్‌లో కూడా అడగండి. చర్మంలో ఇచ్చే సూదులైతే మొదటి రోజు, 3, 7, 28వ రోజు. రక్తం కారిన గాయమైతే గాయం చుట్టూ ఇంకో ఇంజెక్షన్ ఇవ్వాలి, అది ఇచ్చారా లేదా అడగండి. మూడో సూది తర్వాత చాలామంది మానేస్తారు, మానొద్దు.

12. డిశ్చార్జ్ రోజు

పొద్దున డిశ్చార్జ్ అంటారు, కాగితం సాయంత్రానికి వస్తుంది, ఓపిక పట్టండి. సమ్మరీ చేతికి రాగానే పేరు, వయసు, ఏ కాలో ఏ చెయ్యో సరిగ్గా రాశారా చూడండి, మా దాంట్లో ఎడమ కాలు బదులు కుడి కాలు అని పడింది, అక్కడే దిద్దించాం, ఇంటికొచ్చాక అయితే మళ్ళీ ఒక ఓపీ రోజు పోయేది. రివ్యూ తేదీ యూనిట్ రోజు మీద పడిందా చూడండి. కేస్ షీట్ కాపీ కావాలంటే మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో రాసి ఇవ్వండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచి డాక్టర్ల నిబంధనల్లోనే ఉంది. అన్ని కాగితాలూ ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.

చివరిగా మేం చేసిన తెలివి తక్కువ పని. నాన్నకి రెండు రోజులకోసారి కట్టు మార్చాలన్నారు. మేం నెలన్నర పాటు ప్రతిసారీ ఆటోలో పెద్ద దవాఖానకే తీసుకెళ్ళాం, పోనూ రానూ 400, నాకు సగం రోజు జీతం. ఒక రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో సిస్టర్ అడిగింది, "మీ ఇల్లెక్కడ?" అంబర్‌పేట అన్నా. "మీ దగ్గర బస్తీ దవాఖాన లేదా, ఈ సమ్మరీ చూపిస్తే కట్టు అక్కడే మారుస్తారు కదా, ఇక్కడికి రివ్యూకొస్తే చాలు" అంది. మర్నాడు పోయాం, మా ఇంటికి నడిచి ఏడు నిమిషాలు, ముందు ముగ్గురే ఉన్నారు. పుండు పూర్తిగా మూసుకున్నాక యూనిట్ డాక్టర్ చీటీ మీద ఎంసీఆర్ చెప్పులు అని రాశాడు, మెత్తటి రబ్బరు అడుగుతో షుగర్ వాళ్ళకి చేసేవి. నాన్న అవి వేసుకుని ఇంట్లో కూడా తిరుగుతున్నాడు, అమ్మ తిడుతున్నా వినడు, ఇంట్లో కూడా విప్పొద్దని డాక్టరే చెప్పాడు మరి.